గోధుమ తిరిగొచ్చిన వేసవి

ఒర్రూలి,
21 జనవరి 1979

ఎఫీసియా,

ముందు తిట్లు, తర్వాత క్షేమసమాచారాలు. క్రిస్మస్‌కి ఓడెక్కి మన దీవికొచ్చిన ఊరి దోలోరెస్ నిన్ను తూరిన్‌లో ట్రామెక్కుతుంటే చూసిందట. "గుర్తుపట్టలేదు పాస్కత్తా, లోపల మనిషి లేకుండా కోటు నడిచొస్తున్నట్టుంది" అంది. ఎక్కడ? చర్చి మెట్ల మీద, పూజ అయ్యాక, ఊరంతా వింటుండగా. నా తల ఎక్కడ పెట్టుకోమంటావు?

మీ అమ్మ పోయేనాటికి నీకు ఆరేళ్లు. చెల్లెలి బిడ్డ అని కాదు, నా బిడ్డ అనే పెంచాను. ఈ ఊళ్లో పెళ్లి రొట్టె చెయ్యాలంటే ఈనాటికీ నా చేతులే కావాలి. పిండి మీద పిట్టల్నీ దానిమ్మ పువ్వుల్నీ చిన్న కత్తెరతో నేను కోసినట్టు కొయ్యడం ఎవరికీ రాదు. అలాంటి రొట్టెల పాస్కా పెంచిన పిల్ల ఎముకల గూడులా తిరుగుతోందంటే జనం ఏమనుకుంటారు? పెట్టలేదనుకుంటారు.

అక్కడి ఆడవాళ్లు పత్రికల్లో బొమ్మలు చూసి పొట్ట మాడ్చుకుంటారని విన్నాను. ఆ షోకులు నీకొద్దు. శుక్రవారం పొయ్యి వెలిగించి నలభై పిస్తొక్కులు, మన గోధుమ పలక రొట్టెలు, కాల్చాను. రెండోసారి కూడా గట్టిగా కాల్చాను కాబట్టి మూడు నెలలున్నా పాడవ్వవు. పొద్దున పాలల్లో వేసుకో, మధ్యాహ్నం నీళ్లు చిలకరించి టమాటా పులుసుతో తిను, రాత్రికి గొర్రెపాల చీజు ఉండనే ఉంది. నెల తిరిగేసరికి బుగ్గలు రాకపోతే నా పేరు మార్చుకుంటాను.

పెళ్లయి ఐదేళ్లయింది. నేనేం అడగడం లేదు. ఊళ్లో అడుగుతున్నారు.

ఇక్కడ అందరం కులాసా, నా నడుం తప్ప. మొన్న ఆంటోనీ పునీతుడి పండగకి వేసిన మంట దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

నీ పెద్దమ్మ,
పాస్కా

పెట్టెకి కట్టిన తాడు పారెయ్యకు. మంచి తాడు.


తూరిన్,
11 ఫిబ్రవరి 1979

పెద్దమ్మా,

పెట్టె అందింది. తాడు దాచాను. రొట్టెలు ఒక్కటి కూడా విరగలేదు.

ఇప్పుడు నేను రాసేది కళ్లజోడు పెట్టుకుని చదువు. నేను తిండి మానలేదు. కింద రెండు గీతలు గీశాను చూడు. పాస్తా రెండు ప్లేట్లు తింటాను, నీ అల్లుడు గావీనో ఒకటే తింటాడు. నీ రొట్టెలు వచ్చి తొమ్మిది రోజులైంది, పదిహేను తిన్నాను. తిన్న గంటకి పొట్ట డోలులా ఉబ్బుతుంది. ఆ తర్వాత పరుగు. నాలుగిళ్లకి కలిపి వరండా చివర ఒకటే మరుగుదొడ్డి. పక్కింటావిడ తలుపు కొడుతుంది, నేను లోపల ఏడుస్తూ ఉంటాను. అదీ నా షోకు.

అడగడం లేదంటూ అడిగావు కాబట్టి చెబుతున్నాను. నాకు నెలసరి ఆగిపోయి పద్నాలుగు నెలలైంది. డాక్టరు దగ్గరికెళ్తే రక్తంలో ఈస్ట్రోజెన్ అనేదాన్ని కొలిచారు. నెలసరి రావాలన్నా, బిడ్డ నిలవాలన్నా, ఆడదాని ఎముకలు గట్టిగా ఉండాలన్నా అది కావాలట. నాలో నీ వయసు వాళ్లకి ఉన్నంతే ఉందట. నాకు ఇరవై ఎనిమిదేళ్లు పెద్దమ్మా.

ఆ డాక్టరు కాగితం చూసి నవ్వాడు. "అమ్మాయీ, అద్దం ముందు కూర్చునే టైము తగ్గించి భోజనాల బల్ల ముందు కూర్చో. తిండి మానేసే ఆడపిల్లల్లో ఇది ఇలాగే పడిపోతుంది" అన్నాడు. తింటున్నానండీ అంటే, "అందరూ అదే అంటారు" అన్నాడు. మాత్రలిచ్చాడు. మింగినన్నాళ్లూ నెలసరి వచ్చింది, ఆపగానే పోయింది. అది మాత్రలకొచ్చిన నెలసరి, నాది కాదు.

ఇంటికొచ్చి నీ ఉత్తరం విప్పితే అందులోనూ అదే మాట. ఒక్కళ్లయినా నన్ను నమ్మరేమిటి?

ఇది ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మా అత్తకి.

ఎఫీసియా


ఒర్రూలి,
25 ఫిబ్రవరి 1979

నా తల్లీ ఎఫీసియా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిన్ను నమ్ముతున్నాను. నమ్మాక సంగతి నాకు అద్దంలా కనిపించింది. తప్పు నీది కాదు, వాడిది. గావీనోది.

నవ్వకు. ఈ బాధ పడ్డదాన్ని నేను. నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వు చిన్నపిల్లవని. మీ పెదనాన్న ప్రియామోని చేసుకునేనాటికి నాకు ఇరవై ఒకటి, పీపాలా ఉండేదాన్ని. మూడేళ్లు తిరక్కుండా ఎండిపోయాను. ఇరవై నాలుగుకి నెలసరి ఆగింది. ఆయనకి చిన్నప్పుడు మలేరియా వచ్చి ప్లీహం ఇంత లావున ఉబ్బి ఉండేది, చొక్కా లోంచి తెలిసేది. ఆ జ్వరాల ఒంటి పక్కన పడుకుంటే ఆడది ఎండక ఏమవుతుంది?

రుజువేదీ అంటావా? విను. నలభై ఒకటిలో ఆయన్ని యుద్ధానికి తీసుకుపోయారు. నలభై మూడులో గింజలన్నీ సర్కారు ఎత్తుకుపోయింది, ఊళ్లో గోధుమ లేదు, బార్లీ లేదు, నా పొయ్యి ఏడాదిన్నర చల్లగా పడి ఉంది. ఆలుగడ్డలూ, చెస్ట్‌నట్ కాయలూ, ఓక్ చెట్టు కాయల పిండితో నల్లటి ముద్దలూ, చీజు ముక్కా, అంతే తిండి. ఊరంతా చిక్కి శల్యమైపోయింది. నేను మాత్రం ఒళ్లు చేశాను! మీ అమ్మ నన్ను చూసి, "అక్కా, ఎక్కడైనా దొంగతనంగా తింటున్నావా?" అని నిలదీసింది. నెలసరి గడియారంలా వచ్చింది, పద్నాలుగు నెలలు. నలభై ఐదు వేసవిలో ఆయన తిరిగొచ్చాడు. మా అవ్వ అప్పటికింకా బతికే ఉంది, అందరికంటే ముందు కొత్త గోధుమ వాసన పట్టి పొయ్యి వెలిగించింది. క్రిస్మస్‌కల్లా మళ్లీ నేను ఎండిపోయాను. మొగుడు లేనప్పుడు పచ్చగా ఉన్నదాన్ని, మొగుడు రాగానే ఎండాను. ఇంకేం రుజువు కావాలి?

నా రొట్టె మీద కూడా ఏడుపే ఆయనకి. నేను తింటుంటే మొహం అదోలా పెట్టేవాడు.

నీ ఫొటో పెట్టి దిష్టి కూడా చూశాను. గ్లాసు నీళ్లలో మూడు గోధుమ గింజలు వేస్తే మూడింటికీ బుడగలు పట్టాయి, అంత దిష్టి! మంత్రించిన గింజలు పొట్లం కట్టి ఇందులో పెట్టాను. రాత్రి నీళ్లలో నానేసి పొద్దున నీళ్లూ గింజలూ మింగు.

నువ్వు మాత్రం గావీనోని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లు. వాళ్లమ్మ గ్రెగోరియా మొన్న బజార్లో కనబడితే ఆగలేక ఒక్క మాట అన్నాను. ఒక్కటే.

నీ పెద్దమ్మ,
పాస్కా


తూరిన్,
18 మార్చి 1979

పెద్దమ్మా,

ఆ ఒక్క మాట ఏమిటో మా అత్త ఎనిమిది పేజీలు రాసింది, గావీనోకి. "నీ కొడుకులాంటి పొట్టేలుని గొర్రెల మందలో కూడా ఉంచుకోరు" అన్నావట. చేపల బండి దగ్గర.

అతను ఆ ఉత్తరం చదివి, సొరుగులోంచి నీ ఉత్తరం కూడా తీసి చదివాడు. నేను కుట్టుపని చేసే వర్క్‌షాప్ నుంచి వచ్చేసరికి రెండూ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. అరవలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి వాటి పక్కన పెట్టాడు. డిసెంబరులోనే తనంతట తాను పరీక్ష చేయించుకున్నాడట. ఏ లోపమూ లేదు. మూడు నెలల నుంచి ఆ కాగితం జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. నాకు చూపిస్తే లోపం నాదే అని తేలిపోతుందని చూపించలేదట.

"నువ్వు కూడా అలాగే అనుకున్నావా?" అని అడిగాడు. లేదని వెంటనే అనాలి కదా. నేను ఒక్క క్షణం ఆలస్యం చేశాను. బట్టలు సర్దుకుని తోటి పనివాడి గదికి వెళ్లిపోయాడు. పది రోజులైంది.

ఆ మర్నాడు మెట్ల మీద జారాను. రెండంటే రెండు మెట్లు. మణికట్టు పుటుక్కుమంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని నా వయసు రెండుసార్లు అడిగాడు. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను, అందుకే వంకర.

పక్కింటావిడ నా పొట్ట చూసి, "ఎన్నో నెల?" అని అడిగింది. నవ్వుతూ, సంతోషంగా. ఆవిడకి ఏం చెప్పను?

నీ గింజలు మింగాను. ఆరోజు మరుగుదొడ్డిలోనే తెల్లారింది. ఇక రొట్టెలు పంపకు. గింజలు పంపకు. కొన్నాళ్లు ఉత్తరాలు కూడా పంపకు. నాకు ఓపిక లేదు.

ఎఫీసియా


ఒర్రూలి,
1 ఏప్రిల్ 1979

ఎఫీసియాకి,

ఉత్తరాలు రాయొద్దన్నావు కాబట్టి ఇది ఉత్తరం కాదు, పెట్టెతో పాటు పంపే చీటీ.

ఇరవై రెండేళ్లుగా నా రొట్టె తింటున్నావు. ఇప్పుడు పంపొద్దంటున్నావు. అర్థమైందిలే. అక్కడ తెల్లటి మెత్తటి రొట్టె దొరుకుతుంది, మా గొర్రెల కాపర్ల రొట్టె పక్కింటావిడ చూస్తే నామోషీ. మనిషి దగ్గర మాట పడతాను, రొట్టె మీద మాట పడను. అయినా ముప్పై పంపుతున్నాను. తింటావో, పావురాలకి వేస్తావో నీ ఇష్టం.

గావీనో సంగతి రాశావు. నేను అన్నది తప్పేనేమో. కానీ కాగితాలు తప్పు కూడా చెబుతాయి. మీ పెదనాన్నకీ ఏ కాగితమూ లేదు, అయినా ఆయన సంగతి నాకు తెలియదా?

చెయ్యి జాగ్రత్త. నాకు నలభై నాలుగేళ్లప్పుడు పొయ్యి గట్టు మీంచి దిగుతూ నేనూ ఇలాగే మణికట్టు విరగ్గొట్టుకున్నాను. మన వంశంలో ఆడవాళ్ల ఎముకలే అంత. పళ్లు కూడా.

పాస్కా

ఈసారి తాడు వెనక్కి పంపించు.


తూరిన్,
6 మే 1979

పెద్దమ్మా,

కూర్చున్నావా? కూర్చో.

ఎముకల డాక్టరు నన్ను ఒక లేడీ డాక్టరు దగ్గరికి పంపాడు. బొయేరో అని, యాభై ఏళ్లుంటాయి, గట్టి మనిషి. ఆవిడ నన్ను అద్దం గురించి అడగలేదు. ఏం తింటావు, తిన్నాక ఏమవుతుంది అని అడిగింది. చెబుతుంటే రాసుకుంది. నమ్మి రాసుకుంది పెద్దమ్మా! నాకు అక్కడే ఏడుపొచ్చింది.

"మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?" అంది. అమ్మ ముప్పై ఏళ్లకే న్యుమోనియాతో పోయిందని చెప్పాను. "ఇంకెవరు?" అంది. అప్పుడు గుర్తొచ్చింది, నీ ఫిబ్రవరి ఉత్తరం నా సంచీలోనే ఉంది. కోపం చల్లారకుండా ఉండడానికి అప్పుడప్పుడు తీసి చదువుకునేదాన్ని. తీసి యుద్ధం ముక్క చదివాను, ఆవిడ కూడా నవ్వుతుందనుకుని.

నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, "మళ్లీ చదువు" అంది. "గోధుమ లేని ఏడాది అంది కదూ, అక్కణ్ణుంచి."

వారం తర్వాత ఒక లోహపు గోళీ మింగించారు, సన్నటి గొట్టానికి కట్టి ఉంటుంది. అది పేగులోకి దిగేదాకా సగం రోజు పక్కకి తిరిగి పడుకోవాలి. పేగులోంచి రవ్వంత ముక్క కొరికి తెచ్చింది. నీకు తెలిసేలా చెబుతాను. పేగు లోపలి గోడ తువ్వాలు మీది నూగులా ఉండాలట, ఆ నూగే తిండిలోని సారాన్ని పీల్చేది. నాకు ఆ నూగు లేదు, అరిగిపోయిన గచ్చులా నున్నగా ఉంది. దాన్ని అరగదీసింది గోధుమ. బార్లీ కూడా. కొందరి ఒంటికి అవి పడవట. సీలియాక్ అంటారు. పుట్టుకతో వచ్చే గుణం, కుటుంబాల్లో నడుస్తుంది, మన దీవిలో ఎక్కువేనట. నేనెంత తిన్నా నా ఒంటికి అందలేదు. పస్తు ఉన్నదానికీ నాకూ తేడా లేదు. మొదటి డాక్టరు సగం కరెక్టే, ఆకలితో ఉన్న ఒళ్లే ఇది. కాకపోతే నిండు ప్లేటు ముందు కూర్చుని ఆకలితో ఉంది.

"మరి నెలసరి?" అన్నాను. "ఇంట్లో సరుకులు లేనప్పుడు ఎవరైనా అతిథిని పిలుస్తారా?" అంది. ఒంట్లో కొవ్వూ సత్తువా లేవని తెలిశాక తల లోపలి నుంచి అండాశయాలకి వెళ్లే కబురు ఆగిపోతుందట. కబురు లేకపోతే అవి ఈస్ట్రోజెన్ చెయ్యవు. అది లేక నెలసరి లేదు, బిడ్డ లేదు, ఎముకలు గుల్ల. ఒక్క దారాన్ని లాగితే అల్లికంతా ఊడినట్టు.

అంటే, పెద్దమ్మా, నా బుగ్గల కోసం నువ్వు పంపిన రొట్టెలే నన్ను తిన్నాయి. దిష్టికి పంపిన మందు కూడా గోధుమే. డాక్టరుకి ఆ మాట చెబితే ఈసారి నవ్వింది. కానీ "నాకు తెలిసిన గొప్ప వైద్యురాలు మీ పెద్దమ్మే, తనకి తెలియకుండానే" అంది. హాలండ్‌లో కూడా యుద్ధకాలంలో రొట్టె దొరకనప్పుడు కొందరు జబ్బు పిల్లలు కోలుకున్నారట, దానివల్లే ఈ సంగతి పట్టుకున్నారట.

గావీనో తిరిగొచ్చాడు. ఆసుపత్రికి వచ్చి ఆ గొట్టం నోట్లో ఉన్నంతసేపూ పక్కన కూర్చున్నాడు, నేను మాట్లాడలేను కాబట్టి దెబ్బలాట కుదరలేదు. ఇప్పుడు ఆలుగడ్డల మూట మోసుకొస్తున్నాడు. కులుర్జోనెస్ కజ్జికాయలు చేస్తే పిండిలో చుట్టినవి తను తింటాడు, చుట్టక ముందే తీసి ఉంచిన ఆలుగడ్డ, పుదీనా, చీజు నేను చెంచాతో తింటాను.

నీ ముప్పై రొట్టెలు పక్కింటావిడకి ఇచ్చేశాను. తాడు ఇందులో ఉంది. నువ్వు కూడా కాలియరి పెద్దాసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకో. బొయేరో గారు గట్టిగా చెప్పమన్నారు.

ఎఫీసియా


ఒర్రూలి,
20 మే 1979

ఎఫీసియా,

మీ బొయేరోకి మతి పోయింది.

రొట్టె మనిషిని తింటుందా? రొట్టె కింద పడితే ముద్దు పెట్టుకుని పైకి తీసే ఇంట్లో పెరిగావు. మా అవ్వ ఎనభై ఆరేళ్లు రొట్టె తిని బతికింది. చర్చిలో ప్రభువు శరీరమని నాలిక మీద పెట్టేది ఏమిటి? గోధుమే కదా. అది కూడా విషమని రాస్తుందా ఆవిడ? ఫాదర్‌తో చెబితే ఆయన సిలువ గుర్తు వేసుకున్నాడు.

పదకొండేళ్లప్పుడు పిండి బల్ల దగ్గర నిలబడ్డాను, ఇప్పుడు అరవై మూడు. ఈ ఊళ్లో పెళ్లయిన ప్రతి జంటా నేను చేసిన రొట్టె విరిచి తిన్నారు, ఒక్కళ్లకి కడుపు నొప్పి లేదు. వాళ్లందరికీ పిల్లలు. నా చేత్తో చేసింది నాకే పడలేదని ఇప్పుడు నేను నమ్మాలి! నేను ఏ కాలియరీ వెళ్లను, ఏ గోళీ మింగను.

నీకు పడకపోతే నువ్వు మానుకో. నీ పేగు నీది. బాగుపడితే నాకంటే సంతోషించేవాళ్లు లేరు, అది వేరే సంగతి.

ఒకటి అడగాలి. నా కోసం కాదు, ఊరికే. ఆ ఈస్ట్రోజెన్ అనేది ఒకసారి ఆగాక, గోధుమ మానేస్తే తిరిగొస్తుందా? ఎన్నాళ్లకి? పద్నాలుగు నెలలు వచ్చి మళ్లీ పోయిందనుకో, ఆ పద్నాలుగు నెలల్లో బిడ్డ నిలబడి ఉండేదా?

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

పాస్కా


తూరిన్,
23 సెప్టెంబరు 1979

పెద్దమ్మా,

జూన్, జులై రెండు ఉత్తరాలకీ నువ్వు జవాబివ్వలేదు. అలిగావని తెలుసు. అయినా ఇది నీకే ముందు రాస్తున్నాను, అత్తకి కూడా రాయలేదు.

మంగళవారం వచ్చింది. మాత్రల్లేకుండా. కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉన్నాను, ఇంకో కడుపు నొప్పేమో అనుకున్నాను. మరుగుదొడ్డిలోకెళ్లి చూసుకుని గట్టిగా కేకపెట్టాను. పక్కన పనిచేసే పిల్ల ఎవరో పోయారనుకుని పరుగెత్తుకొచ్చింది. ఏడు కిలోలు పెరిగాను. రక్తంలో ఈస్ట్రోజెన్ ఇప్పుడు నా వయసుకి ఉండాల్సినదానికి దగ్గరికొచ్చిందట. బిడ్డ సంగతి ఇంకా తెలియదు, తొందరపడొద్దన్నారు. అయినా ఇది నాది పెద్దమ్మా. మాత్రలది కాదు.

నువ్వు అడిగిన ప్రశ్న బొయేరో గారిని అడిగాను. "ఆ మనిషిని చూడకుండా చెప్పను" అంది. అందుకే వెళ్లమంటున్నాను. బిడ్డ కోసం కాదు, అది దాటిపోయింది. నీ నడుం ఏటేటా వంగుతోంది. నువ్వు పడిపోతే మాకు కబురు మూడు రోజులకి అందుతుంది.

గావీనో కింద ఒక ముక్క రాస్తానంటున్నాడు.

అత్తమ్మా, నేను అలగలేదు. మా అమ్మని మీతో కాలియరి పంపుతాను. బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చోనక్కర్లేదు. గావీనో.

ఎఫీసియా


ఒర్రూలి,
2 నవంబరు 1979

నా తల్లీ,

వెళ్లొచ్చాను. గ్రెగోరియా బస్సులో దారంతా నా వెనక సీట్లో కూర్చుని నాకు వినపడేలా జపమాల చదివింది. గోళీ మింగి నేను పక్కకి తిరిగి పడుకున్నంతసేపూ వరండాలో అందరికీ, "లోపల ఉన్నది మా వియ్యపురాలి లాంటిది, నోరు మంచిది కాదు గానీ రొట్టె మంచిది" అని చెప్పిందట. తిరిగొచ్చేటప్పుడు నా పక్కనే కూర్చుంది.

నాకూ నున్నగానే ఉంది. గచ్చులా.

అక్కడి డాక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. నెలసరి ఎప్పుడాగిందని అడిగాడు. ఇరవై నాలుగుకి, మధ్యలో పద్నాలుగు నెలలు తప్ప, అన్నాను. రాసుకున్నాడు. నీ ద్వారా అడిగిన ప్రశ్నే ఆయన్నీ అడిగాను. ఆ పద్నాలుగు నెలల్లో నా మొగుడు ఇంట్లో ఉండి ఉంటే? పెన్నుకి మూత పెట్టాడు. "చెప్పలేం అమ్మా" అన్నాడు. చెప్పలేం అన్నాడు ఎఫీసియా. లేదు అనలేదు.

నలభై ఐదు వేసవిలో ఆయనా గోధుమా ఒకే వారంలో ఊరొచ్చాయి. నేను ఆయన్ని పట్టుకున్నాను. గోధుమని ముద్దు పెట్టుకున్నాను. ఇంత తెలివైనదాన్ని, ఊళ్లో అందరికీ సలహాలు చెప్పేదాన్ని, రెండు వచ్చినప్పుడు రెండోది కూడా చూడాలని నాకు తోచలేదు.

ఆయన్ని ఏమేం అన్నానో నీకు రాయలేను. జ్వరాలోడా అనేదాన్ని, పేరు పెట్టి పిలిచింది తక్కువ. చాకిరేవు దగ్గర ఆడవాళ్లకి చెప్పాను, వాళ్లు మొగుళ్లకి చెప్పారు. సారాకొట్లో ఆయన్ని కంచరగాడిద అని పిలిచేవాళ్లు, పిల్లల్ని కనదు కదా. ఒక్కనాడు కాదనలేదు. "అవును, నాదే లోపం, ఇంకో గ్లాసు పొయ్యి" అనేవాడట. ఇంటికొచ్చి నాతో ఏమీ అనేవాడు కాదు. ఆ మౌనం చూసి తప్పు ఒప్పుకుంటున్నాడనుకున్నాను.

ఇంకొకటుంది. ఇది నీకు చెప్పకపోతే నేను నిద్రపోలేను. నలభై ఎనిమిదిలో, నేను పొయ్యి దగ్గర కడుపు పట్టుకుని కూర్చుంటే వచ్చి ఎదురుగా గొంతుక్కూచున్నాడు. "పాస్కా, నేను లేనప్పుడు ఆలుగడ్డలు తిని బాగున్నావని మీ చెల్లెలు చెప్పింది. రొట్టె తిన్నప్పుడల్లా ఇలా కూర్చుంటావు. కొన్నాళ్లు మానేసి చూడకూడదూ?" అన్నాడు. నేను చేతిలో ఉన్న అప్పడాలకర్ర ఆయన మీదికి విసిరాను. నీ ఒంట్లో లోపం పెట్టుకుని నా రొట్టెకి వంక పెడతావా అన్నాను. కర్ర భుజానికి తగిలింది. ఆయన దాన్ని తీసి, పిండి తుడిచి, బల్ల మీద పెట్టి బయటికెళ్లాడు. పోయేదాకా, పంతొమ్మిదేళ్లు, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నేను తింటుంటే మొహం అదోలా పెట్టేవాడని నీకు రాశాను కదా. అది ఏడుపు కాదే. నాకు నొప్పి వస్తుందని చూస్తూ కూర్చునేవాడు.

ఆత్మల పండగ కదా, ఏటా వేసినట్టే నిన్న సాయంత్రం పోయినవాళ్లకి భోజనాల బల్ల వేశాను. పన్నెండేళ్లుగా ఆయన ప్లేటు పక్కన నా చేతి రొట్టె పెడుతున్నాను, ఊళ్లో అందరికంటే మంచి రొట్టె అని గొప్పగా. నిన్న పెట్టలేదు. ఆలుగడ్డలు ఉడకబెట్టి, పుదీనా, చీజు వేసి పెట్టాను. చాకూ ఫోర్కూ తీసేశాను, ఆత్మలకి గుచ్చుకుంటాయి కదా. ఈసారి అప్పడాలకర్ర కూడా తీసి బయట పెట్టాను. కుర్చీకి ఎదురుగా కూర్చుని చెప్పాను. "నాది. లోపం నాది. నువ్వు చెప్పావు, నేను వినలేదు." పైకే చెప్పాను. పక్కింటి వాళ్లు విన్నా సరే అనుకున్నాను. రేపు చాకిరేవు దగ్గర కూడా చెబుతాను, ఎక్కడ మొదలుపెట్టానో అక్కడే. అప్పుడు విన్నవాళ్లలో సగం మంది పోయారు.

ఎప్పట్లాగే ఏమీ అనలేదు.

పొయ్యి ఆపను. పెళ్లిళ్లున్నాయి. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని చేస్తాను, నోట్లో మాత్రం పెట్టుకోను. నీకు ఇక రొట్టె రాదు. ఈ పెట్టెలో చెస్ట్‌నట్ కాయలున్నాయి, తాడు అదే. గావీనోని నా తరఫున క్షమాపణ అడుగు. వాడు బతికున్నాడు కాబట్టి ఏదో ఒకటి అంటాడు.

పొద్దున లేచి చూస్తే ఆయన ప్లేటు పెట్టింది పెట్టినట్టే ఉంది. కూర్చుని నేనే తినేశాను, చల్లారిపోయినవన్నీ, ఒక్క ముక్క మిగల్చకుండా. ఎప్పట్లాగే కడుపు పట్టుకుని గంటసేపు ఎదురుచూశాను. నొప్పి రాలేదే ఎఫీసియా. ఏమీ రాలేదు.

నీ పెద్దమ్మ,
ప్రియామో భార్య పాస్కా